సముద్రం లేదన్న సాకు

మా ఊరు డోంగ్లి. చాలామంది విని ఉండరు కాబట్టి ముందు చిరునామా చెబుతాను. కామారెడ్డి జిల్లా కొసన, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. మద్నూరు మండలంలో ఒక గ్రామంగా ఉండి, 2022లో తానే మండలకేంద్రమైంది. సంతకు పోతే తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. పక్కనే మంజీర పారుతుంది. పారుతుందనడం అలవాటు కొద్దీ అన్న మాట. ఎండాకాలంలో ఆ దారిన పారేవి ఇసుక లారీలే.

కొంతకాలం క్రితం మా ప్రాంతంలో గ్రామీణ క్రీడల గురించి ఒక సమావేశం జరిగింది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వరుసగా ప్రస్తావనకు వచ్చాయి. నేను లేచి, నిజాంసాగర్‌లో మత్స్యకారుల పిల్లలకు కయాకింగ్, కనోయింగ్ నేర్పించే ఆలోచన ఏమైనా ఉందా అని అడిగాను. వేదిక మీది పెద్దమనిషి ఒకరు చిరునవ్వుతో, "మనకు సముద్రమేదండీ?" అన్నారు. సభ నవ్వింది. నేనూ సిగ్గుపడి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ టపా.

అసలు ఈ క్రీడ ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. మన పత్రికలు నీటి మీద జరిగే ప్రతి పోటీనీ "పడవ పందెం" అనేసి చేతులు దులుపుకుంటాయి. రోయింగ్‌లో ఆటగాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు, తెడ్లు పడవకు బిగించి ఉంటాయి. కయాక్‌లో, కనోలో ముఖం గమ్యం వైపే, తెడ్డు పూర్తిగా చేతుల్లోనే. కయాక్‌లో కూర్చుని రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వేస్తారు. కనోలో ఒక మోకాలి మీద నిలిచి, ఒకే రెక్క ఉన్న తెడ్డును ఒకే పక్క వేస్తారు. స్ప్రింట్ పోటీలు నిలకడ నీటిలో, తిన్నని బాటల్లో జరుగుతాయి. 200, 500, 1000 మీటర్లు ప్రధానమైన దూరాలు. ఒక్కరు నడిపే కయాక్ పొడవు 5.20 మీటర్లకు మించకూడదు, బరువు 12 కిలోలకు తగ్గకూడదు. 1936 బెర్లిన్ నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు 1938లో స్వీడన్‌లోని వాక్స్‌హోమ్‌లో మొదలయ్యాయి.

ఇందులో సముద్రం ఎక్కడుంది? నిలకడ నీరు కావాలన్న క్రీడకు అలలు ఎందుకు?

ఈ క్రీడలో ప్రపంచాన్ని ఏలుతున్న దేశాల్లో ముందు వరుసలో ఉన్నది హంగరీ. దానికి అంగుళం సముద్రతీరం లేదు. చుట్టూ ఇతర దేశాలే. జనాభా కోటికి లోపు. 2011 లెక్కల ప్రకారమే మన తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. ఆ దేశపు దనూటా కొజాక్ ఒక్కతే 2012, 2016, టోక్యో ఒలింపిక్స్‌లలో కలిపి 6 స్వర్ణాలు గెలిచింది. టిసా నది ఒడ్డున ఉన్న సెగెడ్ నగరం 1998, 2006, 2011, 2019లలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లకు ఆతిథ్యమిచ్చింది. ఆ పోటీలు జరిగింది నదిలో కూడా కాదు, నగర శివార్లలో మనుషులు తవ్వుకున్న నీటిబాటలో!

మనుషులు కట్టుకున్న నీరు మనకు లేదా? 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన నిజాంసాగర్ మా ఎగువనే ఉంది. కౌలాస్ నాలా ప్రాజెక్టు ఉంది. రాష్ట్రమంతటా కాకతీయుల నాటి చెరువులున్నాయి. సముద్రం లేదన్నది సాకు. అసలు కారణం వేరే ఉంది. దాన్ని చెప్పాలంటే మా ఇంటి సంగతే ముందు చెప్పుకోవాలి.

నా చిన్నతనంలో వానకాలం వస్తే మంజీర ఆవలి ఒడ్డుకు పుట్టిలో దాటించే తాత ఒకాయన ఉండేవాడు. బెస్తాయన. గుండ్రంగా ఉండే పుట్టి తనంతట తాను గిర్రున తిరగాలని చూస్తుంది. దాన్ని ఒక్క తెడ్డుతో, నిండు ప్రవాహంలో, పదిమందితో తిన్నగా నడిపించేవాడు. ఒకసారి నేను మారాం చేసి తెడ్డు అందుకుంటే, "నీళ్లను కొట్టకు బిడ్డా, పట్టుకో" అన్నాడు. ఇన్నేళ్లకు ఈ క్రీడ గురించి చదువుతుంటే తెలిసింది, శిక్షకులు మొదటిరోజు చెప్పే పాఠం అదేనని. రెక్క పూర్తిగా మునిగి నీరు చిక్కాకనే లాగాలి, చరిస్తే శక్తి వృథా.

ఆ తాతకు కోతలయ్యాక ఇన్ని జొన్నలు కొలిచి పంపేవాళ్లు. ఆయనది విద్య అని ఎవరూ అనలేదు. పైగా నాకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా మా నాన్న, "చదవకుంటే తెడ్డు పట్టుకుంటవు" అని బెదిరించేవాడు. ఆ మాట అన్నది మా నాన్న ఒక్కడే కాదు. ఊరూరా తెడ్డు స్థానంలో నాగలి, సుత్తి, మగ్గం పెట్టి అందరూ అన్నదే. బ్యాటు పట్టుకుంటావని ఎవరూ బెదిరించరు. ఏ పని క్రీడ అవుతుందో, ఏది కూలి అవుతుందో పనిని చూసి నిర్ణయించలేదు మనం, చేసే చేతిని చూసి నిర్ణయించాం. ఆ సభలో వినిపించిన నవ్వు అక్కడిదే.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనను. కనో తెడ్డు ఆడవాళ్ల చేతికి తగదని ప్రపంచమూ చాలాకాలం అనుకుంది. 1936 నుంచి ఒలింపిక్స్‌లో కనో మగవాళ్లకే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 2010లో గాని మహిళల కనోకు చోటు దొరకలేదు, ఒలింపిక్స్‌లోనైతే 2021లో జరిగిన టోక్యో క్రీడలదాకా ఆగాల్సి వచ్చింది. వాళ్లు ఆలస్యంగానైనా దిద్దుకున్నారు.

మన దేశంలోనే చూడండి. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం ఇద్దరి కనోలో 1000 మీటర్ల కాంస్యం గెలిచారు. 1994 హిరోషిమాలో సిజి సదానందన్, జానీ రోమెల్ ఇదే పోటీలో తెచ్చిన కాంస్యం తర్వాత ఈ క్రీడలో మనకు వచ్చిన ఆసియా పతకం అదే. సునీల్ మణిపూర్‌వాడు. తండ్రి లోక్‌తక్ సరస్సులో చేపలు పట్టే మనిషి. లోక్‌తక్ కూడా సముద్రం కాదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. "బెస్తవాళ్ల పిల్లల్ని మళ్లీ తెడ్డుకే కట్టేస్తావా? వాళ్లు చదువుకోవద్దా?" న్యాయమైన ప్రశ్న. కులవృత్తిని కీర్తించి మనుషుల్ని అందులోనే ఉంచే కవిత్వం నాకూ గిట్టదు. పుట్టి నడిపినంత మాత్రాన కయాక్ వచ్చేయదని కూడా తెలుసు. సన్నని ఆ పడవలో కూర్చున్న మొదటి రోజుల్లో ఎంతటివాడైనా నీళ్లలో పడాల్సిందే. నేనడిగేది అందరి పిల్లలకూ తెరిచిన పాఠశాల. అందులోకి నీటి భయం లేని పిల్లవాడు ఒక మెట్టు ముందు నుంచి అడుగుపెడతాడు. ఆ ఒక్క మెట్టుకు ఇన్నేళ్లుగా విలువ కట్టలేదన్నదే నా ఫిర్యాదు. వృత్తి అయితే తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. క్రీడ అయితే స్కాలర్‌షిప్పు, క్రీడాకోటా, ప్రయాణం వస్తాయి. రెండింటికీ తేడా లేదనేవాళ్లు మొదటిదాన్ని ఎన్నడూ చేసి ఉండరు.

మన పాలకులకు నీళ్లంటే స్పీడ్‌బోటు, జెట్టీ పక్కన హోటలు. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. సంతోషమే. కానీ పండుగ మూడు రోజులది, శిక్షణ మూడువందల రోజులది. 2036 ఒలింపిక్స్‌ను మనకిమ్మని 2024లో దేశం లేఖ పంపింది. వస్తే, ఎక్కడో కోట్లు పోసి తొమ్మిది బాటల కాలువ తవ్వుతారు. అందులో ఇతర దేశాలవాళ్లు గెలుస్తుంటే మనం గట్టు మీద జెండాలు ఊపుతాం.

అంతకంటే ముందు నేనడిగేది చాలా తక్కువ. నిజాంసాగర్‌లో తిన్నగా ఒక కిలోమీటరు, దానికి గుర్తు బుడ్లు. పది పడవలు, లైఫ్ జాకెట్లు, ఏడాది పొడవునా ఉండే ఒక శిక్షకుడు. మత్స్యకార సంఘాలతో మాట్లాడి, వాళ్ల వలలకు అడ్డురాని వేళలు. ఇదంతా ఒక అతిథిగృహం ఖర్చు కూడా కాదు.

కిందటి వానకాలం ఊరికి పోయినప్పుడు ఒక చెరువులో పదమూడు పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి చూశాను. పడవ కొనే స్తోమత లేక థర్మాకోల్ దిమ్మ మీద వల వేస్తున్నాడు. ఒక మోకాలి మీద నిలిచి, చెక్కముక్కతో ఒకే పక్క నీళ్లు లాగుతూ తిన్నగా పోతున్నాడు. గట్టు మీది నుంచి "ఎవరు నేర్పిన్రు?" అని అడిగాను. "ఇదేం పెద్ద పనా సార్!" అని నవ్వాడు. అది పెద్ద పనేనని వాడికి చెప్పినవాళ్లు లేరు. మా నాన్న నాకు చెప్పిన మాటే వాడికీ ఎవరో చెప్పే ఉంటారు.

నా వాదనలో తప్పుంటే నిర్మొహమాటంగా చెప్పండి. సముద్రం సంగతి మాత్రం మళ్లీ ఎత్తకండి.