నమాజుకు కుర్చీ వేసే ముందు

మన మస్జిదుల్లో వరుసల చివర కుర్చీలు కనిపించడం మామూలైంది. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. ఈ సౌలభ్యం అల్లాహ్ కారుణ్యం. దానిని వినియోగించుకునే పెద్దలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇంటిలో దాదాకు కుర్చీ వేసి, ‘వయసు మీద పడింది’ అని ఊరుకుంటే మన బాధ్యత తీరుతుందా?

ఎముకలను, కీళ్లను, కండరాలను పరీక్షించే నర్సు మొదట చేసే పని చూడటమే. రోగి నడిచి వచ్చే తీరును, కూర్చొని లేచే తీరును గమనిస్తుంది. పిదప కుడి ఎడమలను పోల్చి, వాపు, వంకర, వేడి ఉన్నాయేమో చూస్తుంది. ప్రొద్దున లేవగానే కీళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయో అడుగుతుంది. అది అరగంట దాటితే కీళ్లవాతాన్ని శంకించాలి. కీలును రోగి చేతనే కదిలింపజేస్తుంది తప్ప బలవంతంగా వంచదు. కండరాల బలాన్ని 0 నుండి 5 వరకు అంకెలతో నమోదు చేస్తుంది.

ఐదు పూటలా నమాజు జరిగే ఇంటిలో ఇటువంటి గమనింపునకు వేరే సమయం అక్కరలేదు. రుకూలో నడుము, సజ్దాలో మోకాళ్లు, తక్బీరుకు చేతులెత్తినప్పుడు భుజాలు, సలాముకు తల త్రిప్పినప్పుడు మెడ మన కళ్ల ముందే కదులుతాయి. నిరుటి రమజానులో సజ్దా చేసినవారు ఈ రమజానులో ఎందుకు చేయలేకపోతున్నారని మనం అడగాలి.

అనంతపురం సీమలో ఈ ప్రశ్న మరింత అవసరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో ఎన్నో గ్రామాలకు బోరునీరే ఆధారం. రాతి పొరల నుండి ఆ నీటిలోకి ఫ్లోరైడు కరుగుతుంది. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మించిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే అది ఎముకల్లో పేరుకొని, వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. ఈ వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించారు.

దీనిని అనుమానించడానికి ఆరోగ్య కార్యకర్తలు మూడు పరీక్షలు చేస్తారు: మోకాళ్లు వంచకుండా నేలపై నాణేన్ని తీయగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? చేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకగలరా? ఇవి వ్యాధిని నిర్ధారించవు. ఆ పని వైద్యునిది. దాదీ, అమ్మీలను పరీక్షించేటప్పుడు మహిళా నర్సును కోరడానికి సంకోచించకండి.

సోదర సోదరీమణులారా! బిగిసిన వెన్ను తిరిగి మునుపటిలా కావడం కష్టం. కాని దాదా త్రాగిన నీటినే ఇంటి పిల్లలూ త్రాగుతున్నారు. వారి పళ్లపై గోధుమరంగు చారలు కనిపిస్తే ఉపేక్షించకండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో నీటిని పరీక్షింపజేయండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది.

శరీరంలోని ప్రతి కీలు తరఫున ప్రతిదినం ఒక దానం చెల్లించవలసి ఉందని దైవప్రవక్త (స) బోధించారు. కన్నవారి కీళ్లను కనిపెట్టి చూడటం, బిడ్డలకు మంచినీరు అందించడం ఆ దానంలో భాగం కావాలని అల్లాహ్‌ను వేడుకుందాం.