తీరిక వేళ : గాజు తొట్టెలో తోట

గత కొద్ది నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో అక్వేరియం గురించిన ప్రశ్నలే ఎక్కువ. నిజానికి వాటిలో చాలావరకు ప్రశ్నలు కావు, ఫిర్యాదులు. శనివారం తొట్టె కొన్నాము, ఆదివారం చేపలు వేశాము, ఎనిమిదవ రోజుకు ఒక్కటీ మిగలలేదు. చేపలు మాకు అచ్చిరావు కాబోలు. ఇదీ వాటి సారాంశం. ఒక సోదర ఉద్యోగి శ్రీమతి వ్రాసిన ఉత్తరంలో మరొక మాట కూడా ఉన్నది. చేపలు చనిపోయిన నాటి నుండి తమ ఎనిమిదేళ్ల పాప ఆ తొట్టె ఉన్న గదిలోకి వెళ్లడమే మానివేసిందనీ, తొట్టెను ఎవరికైనా ఇచ్చివేయదలచామనీ ఆమె తెలిపారు. తొట్టెను ఇవ్వవద్దనీ, అయితే మరో రెండు నెలల వరకు చేపలను కొనవద్దనీ మేము ఆమెకు జవాబు వ్రాశాము. ఆ జవాబుకు గల కారణాలను ఈ నెల కొంత వివరంగా మనవి చేస్తున్నాము.

మన సంస్థలో ఏ యూనిట్‌నైనా నిర్మాణం ముగిసిన మరునాడే పూర్తి లోడుపై నడపము. కమిషనింగ్ అనే దశ ఒకటి ఉంటుంది. గొట్టాలు శుభ్రం చేస్తాము, ఒక్కొక్క పంపునూ విడిగా నడిపి చూస్తాము, కొలతలు నిలకడగా వచ్చిన తరువాతనే లోడు ఎక్కిస్తాము. ఇంత తెలిసిన మనమే అక్వేరియం విషయం వచ్చేసరికి తొట్టె నింపిన గంటలోనే డజను చేపలను అందులోకి వదులుతున్నాము. చేప మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విసర్జిస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా వెలువడేది అమ్మోనియాయే. నదిలోనైతే అది కొట్టుకొని పోతుంది. అరవై లీటర్ల తొట్టెలో అది ఎక్కడికీ పోదు. నీరు చూపులకు పన్నీరులా తేటగా ఉంటుంది, చేప మొప్పలు మాత్రం లోపల కాలిపోతూ ఉంటాయి. పైగా పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే ఈ అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పదిరెట్లవుతుంది. బోరు నీటిలో పి.హెచ్. సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది గనుక మన టౌన్‌షిప్‌లలో చాలాచోట్ల ఈ ప్రమాదం మరింత హెచ్చు.

ఈ విషాన్ని హరించే పని చేసేవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. ఇదీ విషమే. మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ పరిమితంగా ఉంటే చేపకు హాని లేదు, మొక్కకు ఆహారం. ఈ రెండవ పని నైట్రోబాక్టర్ చేస్తుందని మేము చదువుకున్న పుస్తకాలలో ఉండేది. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా అనే మరొక జాతిదని 1998లో పరిశోధకులు చూపారు. రెండు దశలనూ ఒంటిచేతిమీద నిర్వహించే నైట్రోస్పైరాలు కూడా ఉన్నవని 2015లో వెల్లడైనది. పేర్లు మారినా మనకు కావలసిన సంగతి మారలేదు. ఈ జీవులు దుకాణంలో తొట్టెతోపాటు రావు. ఫిల్టర్‌లోని స్పాంజిపైన, ఇసుక రేణువులపైన అవి స్థిరపడి వృద్ధి చెందడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అక్వేరియం పెట్టడమంటే ముందుగా వీటిని పెంచడమే. చేప చివరగా వచ్చే అతిథి.

మొక్కల సంగతి కూడా ఇందులోనే ఉన్నది. 1850లో లండన్‌కు చెందిన రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. ఒక గాజు పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచారు. కొంతకాలం బాగానే సాగింది. తరువాత మొక్క పాత ఆకులు కుళ్లి నీరు చెడిపోసాగింది. అప్పుడాయన కుళ్లిన ఆకును తినే నత్తలను అందులో వేశారు. నీరు తేరుకున్నది. చేప, మొక్క, వ్యర్థాన్ని తినే జీవి, ఈ మూడూ కలిస్తేనే నీరు నిలుస్తుందని ఆయన గ్రహించారు. ఆ వాలిస్నేరియా మన చెరువులలోనూ పెరిగేదే. రిబ్బనువంటి పొడుగాటి ఆకులతో, అడుగున తీగలు పాకుతూ, ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతుంది. నీటిలోని అమ్మోనియాను వేగంగా పెరిగే మొక్కలు నేరుగా పీల్చుకుంటాయి గనుక దట్టంగా నాటిన తొట్టె త్వరగా కుదుటపడుతుంది. ప్లాస్టిక్ మొక్కలు పెట్టిన తొట్టెకు ఈ సదుపాయం లేదు. వాటిపై మాకు ఎన్నడూ సదభిప్రాయం లేదని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు.

ఇక నిర్మాణం. తొట్టె ఎంత లోతైతే అంత అందమని భావించడం సహజం. కాని అద్దంపై నీటి బలం లోతు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల నీటి లోతు గల తొట్టె ముందు అద్దంపై పడే మొత్తం బలం సుమారు 90 కిలోల బరువుకు సమానం. అదే పొడవులో లోతును 60కి పెంచితే ఆ బలం 160 కిలోలు దాటుతుంది. వెడల్పు ఎంత పెంచినా ఈ బలంలో మార్పు రాదు. కనుక లోతు తగ్గించి వెడల్పు పెంచుకొనడం ఇంజనీరుకూ మేలు, మొక్కలకూ మేలు. వెలుతురు అడుగుదాకా చేరుతుంది. 90, 40, 45 సెంటీమీటర్ల తొట్టె అంచుదాకా నిండితే నీరే 162 కిలోలు. అద్దం, మట్టి, రాళ్లు కలిపి రెండు వందల కిలోలు దాటుతుంది. టీవీ బల్ల దానికి చాలదు. అడుగున థర్మోకోల్ పలక పరచి, స్పిరిట్ లెవెల్‌తో సరిచూసి, కిటికీకి దూరంగా నిలపండి. నేరుగా పడే ఎండ పాచికి ఆహ్వానపత్రిక.

అడుగున రెండు మూడు సెంటీమీటర్ల మందాన పేడ గాని ఎరువు గాని కలపని తోటమట్టి, దానిపై అంతే మందాన బాగా కడిగిన ముతక ఇసుక చాలు. రాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. కడప నాపరాయి, షాబాద్ రాయి సున్నపురాళ్లు. పాలరాతి ముక్కలూ అంతే. ఇవి మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్ని, పి.హెచ్.ను పెంచుతాయి. రాతిపై నిమ్మరసం చుక్క వేసి, బుడగలు వస్తే దానిని పూలకుండీకి కేటాయించండి. గ్రానైట్ నిరపాయం. మొదటిసారి పెట్టేవారు వాలిస్నేరియా, హైడ్రిల్లా, నీరుబ్రాహ్మి, శ్రీలంక నుండి వచ్చిన క్రిప్టోకొరైన్‌లతో సంతృప్తి పడడం మంచిది. వీటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అక్కరలేదు. సాధారణ ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలిగిస్తే సరిపోతుంది. జపాన్‌కు చెందిన తకాషి అమానో చిత్రాలలోని పచ్చిక బయళ్లను చూసి ఉత్సాహపడి అదే ఇంటిలో రావాలనుకునేవారు, ఆయన తొట్టెల వెనుక ఉన్న దీపాలను, గ్యాసును, ప్రతివారం పట్టిన కత్తెరను కూడా తలచుకోవాలి.

మొక్కలు నాటిన తరువాత కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి హైపో వాడండి, లేదా ఒక రోజు నిలవ ఉంచిన నీరు పోయండి. ఫిల్టర్ నడపండి. రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ తొట్టెలో వేయండి. చూసేవారు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. ఆ మేత కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు పరీక్షించి ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ఈ పని పిల్లలకు అప్పగించడం శ్రేష్ఠం. మొదట అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది, చివరకు రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. ఆనాడు అరడజను జీబ్రా చేపలను తెచ్చుకోండి. ఇవి మన ఉపఖండానివే, ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెంచబడుతున్నవి. తరువాతి జట్టు రెండు వారాలు ఆగి రావచ్చు. ఏదైనా తొట్టెలలో పెంచిన పిల్లలనే అడగండి. పడమటి కనుమల ఏరులలో మాత్రమే ఉండే మిస్ కేరళ చేపను అక్వేరియంల కోసం విచక్షణ లేకుండా పట్టినందున అది నేడు అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికకు ఎక్కింది.

వేసవి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 32 డిగ్రీల వద్ద అది 7.3కు పడిపోతుంది, చేపకు మాత్రం వేడిలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. మొక్కలు కూడా రాత్రిపూట ఆక్సిజన్‌ను తీసుకుంటాయే గాని ఇవ్వవు. అందుచేత గండం నడిజాము దాటి తెల్లవారేలోపుననే. ఉదయాన్నే చేపలన్నీ ఉపరితలానికి చేరి నోళ్లు తెరుస్తుంటే కారణం ఇదే. రాత్రిళ్లు గాలి పంపు నడపండి. తొట్టె మూత తీసి నీటి ఉపరితలంపైకి చిన్న ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఇది మన కూలింగ్ టవర్ సూత్రమే. పొడి గాలి గల లోతట్టు టౌన్‌షిప్‌లలో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే సముద్రతీరంలో అంతగా పనిచేయదు. కూలింగ్ టవర్‌కు ఉన్న చిక్కే దీనికీ ఉన్నది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు మిగిలిపోతాయి. ప్రతిరోజూ పైనుండి బోరు నీరు నింపుతూ పోతే కాఠిన్యం నెలనెలా పెరుగుతుంది. మనం టవర్‌లో బ్లోడౌన్ ఎందుకు ఇస్తామో, తొట్టెలో వారానికి పాతిక శాతం నీటిని తీసి కొత్త నీరు పోయడం కూడా అందుకే. నీరు తేటగానే ఉన్నది కదా, మార్చడమెందుకని అడిగే పాఠకులకు ఇదే మా సమాధానం.

నిర్వహణలో మిగిలినవి చిన్న విషయాలు. మేత రెండు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే. నీటిలో చేయి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయాలి, ఇందులో మినహాయింపు లేదు. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగకండి. ఆరు వారాలు పెంచిన సూక్ష్మజీవులను క్లోరిన్ నీరు నిమిషాలలో నశింపజేస్తుంది. తొట్టె నుండి తీసిన నీటిలోనే దానిని రెండుసార్లు పిండండి.

మనవంటి బదిలీ ఉద్యోగులకు అసలు పరీక్ష ఉత్తర్వులు అందిన రోజున ఎదురవుతుంది. సామాను లారీకి ఎక్కించే హడావుడిలో తొట్టెలోని చేపలను, మొక్కలను దగ్గరలోని చెరువులో వదిలివేయడం పుణ్యకార్యమని చాలామంది నమ్మకం. దయచేసి ఆ పని చేయవద్దు. అద్దాల పాచిని తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేప కొనేటప్పుడు వేలెడు ఉంటుంది, పెరిగితే మూరెడు దాటుతుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప తొట్టెల నుండి బయటపడి నేడు మన తెలుగు నాట చెరువులలోనూ పట్టుబడుతున్నది. దాని ముళ్లకు వలలు చినుగుతాయి, మార్కెట్టులో దానిని కొనేవారు లేరు. ఎవరి డ్రాయింగ్ రూములోనో అక్కరకు రాని చేపకు మూల్యం చెల్లిస్తున్నది చెరువును నమ్ముకున్న జాలరి కుటుంబం. మొక్కల కథ దీనికన్నా పాతది. పూల అందానికి మురిసి పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చిన మొక్కే మన కాలువలను పూడ్చివేస్తున్న గుర్రపుడెక్క. 2020లో కోజికోడ్ జిల్లా ఆవళలో ఒక కాలువ గులాబీ రంగు పూలతో నిండగా జనం తండోపతండాలుగా చూడబోయారు. అది అక్వేరియంలలో పెంచే కాబొంబా. మన హైడ్రిల్లా కూడా ఏమీ తక్కువ తినలేదు. 1950వ దశకంలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరి అక్కడి సరస్సులను కమ్మివేసింది.

బదిలీ వేళ తొట్టెను పూర్తిగా ఖాళీ చేసి మాత్రమే కదపాలి. సగం నీటితో ఎత్తితే అతుకులు విడిపోతాయి. మొక్కలను తడి వార్తాపత్రికలో చుట్టండి. స్పాంజిని తొట్టె నీటిలోనే, మూత కొద్దిగా తెరచిన డబ్బాలో ఉంచి మీతో తీసుకొని వెళ్లండి. కొత్త ఊరిలో మీ కమిషనింగ్ కొద్ది రోజులలోనే ముగుస్తుంది. దూర ప్రయాణమైతే చేపలను పక్క క్వార్టరు వారికో, టౌన్‌షిప్ పాఠశాలకో అప్పగించండి. తీసుకునేవారిని వెతకడానికి వారం రోజుల ముందే క్లబ్బు నోటీసు బోర్డులో ఒక కాగితం అతికిస్తే సరిపోతుంది. వారికి చేపలతోపాటు స్పాంజిలో సగం ముక్క కూడా కోసి ఇవ్వండి. ఎవరూ తీసుకోని మొక్కలను, ప్రతివారం కత్తిరించిన తీగలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి మల్లె పాదులో వేయండి. తొట్టె నుండి తీసిన నీటిని కూడా మురుగుకాలువలో కాక ఆ పాదులోనే పోయవచ్చు. అందులోని నైట్రేట్ మల్లెకు ఎరువు.