రివాల్వరునకు బలమా, నమ్మకమా?

2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున జరిగిన ఘోరమునకు దేశమెల్ల తల వంచుకొనెను. పదుమూడు నెలలు గడచిన పిమ్మట, 2014 జనవరిలో, కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారము ‘నిర్భీక్’ అను రివాల్వరును స్త్రీల రక్షణార్థమని ప్రకటించెను. .32 కొలత, ఆరు తూటాలు, అర కిలోగ్రాము బరువు, ఆనాటి వెల సుమారు 1,22,000 రూపాయలు. దీనినిగూర్చి రెండు వాదములు వినవచ్చుచున్నవి. ఇది బొమ్మ తుపాకి, గుండునకు బలము చాలదని యొకరు. చేతికి తేలికగా నున్నది, ఇంతకన్న నేమి కావలెనని మరియొకరు. ఇరువురును పొరబడుచున్నారని మా నిశ్చితాభిప్రాయము.

రివాల్వరునకు పుట్టుకతోడనే యొక లోపమున్నది. తిరుగుచుండు సిలిండరునకును గొట్టమునకును నడుమ సందుండక తప్పదు. సందు పెద్దదైనచో మందు పేలిన వాయువు ప్రక్కలకు చిమ్మి గుండు వేగము తగ్గును. మిక్కిలి చిన్నదైనచో మసి పేరుకొని, వేడికి లోహము ఉబ్బి, సిలిండరు మొరాయించును. కావుననే నేర్పరులగు పనివాండ్రు అంగుళములో కొన్ని వెయ్యవవంతుల సందును విడిచి, కొంత వేగమును వదలుకొని, నమ్మకమును కొనుచున్నారు.

బెల్జియము దేశీయుడగు నాగాంటు ఈ నష్టమును సహింపలేదు. 1895లో రష్యా స్వీకరించిన ఆయన రివాల్వరునందు సిలిండరు ముందునకు జరిగి గొట్టమును హత్తుకొనును. తూటా మూతి సందును మూయును. వాయువు నిలిచినమాట నిజమే. కాని ట్రిగ్గరు నొక్కుట మిక్కిలి బరువైనది. ఖాళీ తూటాలను ఒక్కొక్కటిగా త్రోసివేయవలసివచ్చినది. రివాల్వరులు చేయువారిలో అధికసంఖ్యాకులు ఆ త్రోవ త్రొక్కలేదు.

ఆంగ్లేయ సైన్యము 1887లో స్వీకరించిన వెబ్లీ మరియొక బేరము కుదుర్చుకొన్నది. నడుము విరిచినంతనే ఆరు ఖాళీ తూటాలును ఒక్కమారే వెలికి వచ్చును. అట్టి మడత చట్రము అధిక పీడనమునకు తాళదు గనుక, .455 కొలతగల బరువైన గుండును మెల్లని వేగముతో పంపిరి. ఆ వెబ్లీ దొరల నడుములకు వ్రేలాడిన కాలముననే, 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే మనవారిని కత్తియైన ధరింపనీయలేదు. కాన్పూరు .32 రివాల్వరు ఆ వెబ్లీ వంశములోనిదే.

ఇక బలవాదులకు మా సమాధానము. రివాల్వరుయొక్క ముఖ్యగుణమేమి? ఒక తూటా పేలకున్నను, మరల నొక్కినచో తరువాతి తూటా ఎదుటికి వచ్చును. అర కిలోగ్రాము ఆయుధమున మందు హెచ్చించినచో వెనుకపోటు హెచ్చును. ఆ కుదుపునకు పేలని తూటాలలోని గుండ్లు ముందునకు జారి సిలిండరునకు అడ్డుపడవచ్చును. అప్పుడు బలమేమాయె? ప్రాణాపాయ సమయమున చేతనున్నది ఇనుపముక్క!

తేలికవాదులకును ఒకమాట. బరువు తగ్గుట ఉచితముగా లభించు వరము కాదు. బరువే వెనుకపోటును మ్రింగునది. అభ్యాసము లేక సంచిలో దాచిన తేలిక ఆయుధము ధైర్యమునిచ్చునేగాని రక్షణ నీయదు. పైగా 1959 చట్టము ననుసరించి లైసెన్సు పొంది, లక్షకుపైగా వెచ్చింపగల స్త్రీలెందరు? రాత్రివేళ బస్సుకై వేచియుండు కూలి స్త్రీకి ఈ నిర్భయత్వము ఏ అంగడిలో దొరకును?

స్వదేశీ వస్తువని మేము గర్వింపకపోము. కాని స్వదేశీ ముద్ర పరీక్షకు బదులు కానేరదు. ఆయుధ కర్మాగారములు 2021లో ప్రభుత్వ కంపెనీలుగా మారినవి. వ్యాపారమునకు దిగినవారికి కొనుగోలుదారునకు జవాబు చెప్పు విధియు కలదు. ఎన్ని తూటాలు ఎడతెగక కాల్చినను ఇది మొరాయింపదు? ట్రిగ్గరు నొక్కుటకు ఎంత బలము కావలెను? ఏ దూరమున గుండు వేగమెంత? ఈ మూడు లెక్కలను వెల ప్రక్కనే అచ్చొత్తింపవలెను. స్త్రీరక్షణ పేరిట అమ్ము వస్తువు విషయమున మేము కోరునది ఇంతమాత్రమే. ఇంతకు తక్కువైనచో ఒప్పుకొనము.