తుపాకీ వందనం సరే, తూటా లెక్క ఏది?

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారానికి వలస వెళ్లిన తెలుగువారికి భిలాయిలోని పవర్‌హౌస్ స్టేషన్ సుపరిచితం. 1992 జూలై 1న అక్కడి పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపి పదిహేను మందికి పైగా ప్రాణాలు తీశారు. అంతకు తొమ్మిది నెలల ముందే వారి నాయకుడు శంకర్ గుహ నియోగి హత్యకు గురయ్యాడు. 1997లో కింది కోర్టు పారిశ్రామికవేత్తలకు శిక్ష వేసింది. 2005లో సుప్రీంకోర్టు తుది తీర్పు నాటికి దోషిగా మిగిలింది కిరాయి హంతకుడొక్కడే.

అదే 1997లో, ఏప్రిల్ 6న, హైదరాబాద్ ఆల్వాల్‌లో గద్దర్‌పై కాల్పులు జరిగాయి. నియోగి కేసులో కనీసం తుపాకీ పేల్చిన చెయ్యి దొరికింది. గద్దర్ కేసులో అదీ లేదు. ఒక తూటా ఆయన వెన్నులోనే ఉండిపోయింది.

పాశ్చాత్య దేశాల్లో గిటారు పలికించిన తిరుగుబాటును రికార్డు కంపెనీలు సరుకు చేసుకున్నాయి. ఇక్కడ గొంగడి, గజ్జె, డప్పుల తిరుగుబాటును సొంతం చేసుకుంటున్నది సాక్షాత్తూ రాజ్యమే. 2023 ఆగస్టులో బీఆర్ఎస్ ప్రభుత్వం ఆయన అంత్యక్రియలు అధికార లాంఛనాలతో జరిపించింది. ఆ తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. కాల్పుల నాడు అధికారంలో ఉన్నది తెలుగుదేశం. ఈ మూడు పార్టీల్లో ఏ ఒక్కటీ ఆ కేసును తేల్చలేదు.

గద్దర్ చివరికి ఎన్నికల బాట పట్టాడు కదా, తుపాకీ గొట్టాన్ని నమ్మినవాడు 2018లో ఓటు వేశాడు కదా అని కొందరు ఎత్తిపొడుస్తారు. జననాట్యమండలి నుంచి బ్యాలెట్ పెట్టె దాకా సాగిన ఆ ప్రయాణాన్ని విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది. అయితే పాటగాడి రాజకీయం మారినంత మాత్రాన అతనిపై జరిగిన హత్యాయత్నానికి కాలదోషం పట్టదు. రాజ్యాంగాన్ని చేతబట్టి తిరిగిన ఆ చివరి రోజుల గద్దర్‌కైనా రాజ్యాంగబద్ధ న్యాయం దక్కాలి కదా?

పురస్కారానికి ఖజానా నుంచి డబ్బు తీస్తే చాలు. దర్యాప్తుకు పోలీసు శాఖ గతాన్ని తవ్వాలి. అందుకే మొదటిది సులువుగా జరిగిపోయింది. గద్దర్ పేరు వాడుకుంటున్న ప్రభుత్వానికి నిజాయితీ ఉంటే ఆ ఫైలు తెరవాలి. ఇంతకాలం ఏం దర్యాప్తు జరిగిందో శాసనసభ ముందు పెట్టాలి. అంతవరకు ఆ వేదికపై ప్రతి దండా ఆ తూటాను కప్పిపుచ్చడానికే.