నన్నయకైతే పాఠాంతరం, మా పెదనాన్నకైతే నేరం

(రికార్డుకెక్కని మనుషులు - 7)



పోయిన భాగంలో కరణం పుస్తకాల గురించి రాశాను. చాలామంది విద్యార్థులు తమ ఇళ్ళలో పాత కాగితాలు వెతికి ఫోటోలు పంపారు. ఆ ఫోటోలు చూశాక ఇంక మా ఇంటి కాగితం దాచుకోవడం న్యాయం కాదనిపించింది. ఈ వారం అదే రాస్తున్నాను.

మా పెదనాన్నకి ఎనభై రెండేళ్ళు. తణుకు పక్కన మా పేటలో, కుళాయి ఎదురుగా ఉన్న రెండు గదుల ఇంట్లో ఉంటాడు. నవంబరు వస్తే ఊళ్ళో రిటైరైనవాళ్ళంతా వరసగా వెళ్ళి తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసొస్తారు. మా పెదనాన్న అరుగు మీద కూర్చుని వాళ్ళని చూస్తుంటాడు. ఆయన్ని మాత్రం బతికున్నావా అని ఇన్నేళ్ళలో ఏ ఆఫీసూ అడగలేదు. పింఛను వచ్చేవాడినే కదా అడుగుతారు!

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫైలు ఇంకా నడుస్తోంది. ఏ ఆఫీసో కూడా రాయను. ఒక్క ఆఫీసుని తిట్టి ఊరుకుంటే సరిపోయే గొడవ కాదిది.

విషయం ఇది. 1962లో చైనా యుద్ధం అయ్యాక సైన్యాన్ని పెద్దఎత్తున పెంచారు. ఆ ఊపులో 1963లో మా పెదనాన్న సిపాయిగా చేరాడు. ఒప్పందం ఏడేళ్ళు కలర్ సర్వీసు, ఎనిమిదేళ్ళు రిజర్వు. కలర్ సర్వీసు అంటే యూనిఫాం వేసుకుని రోజూ చేసే కొలువు. రిజర్వు అంటే ఇంటికి పంపేస్తారు, కానీ వదిలెయ్యరు. ఎప్పుడు కబురొస్తే అప్పుడు బయల్దేరాలి. 1970లో ఇంటికొచ్చాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి కబురొచ్చింది. పెద్దమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. వరి కోతల్లో ఉన్నవాడు కొడవలి తమ్ముడి చేతికిచ్చి, అంటే మా నాన్న చేతికిచ్చి, రైలెక్కాడు. తిరిగొచ్చి మళ్ళీ రిజర్వులోనే ఉన్నాడు. 1978తో అదీ అయిపోయింది. ఏడూ ఎనిమిదీ కలిపితే పదిహేను. మా పేట బడిలో రెండో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు.

ఆ పదిహేనుకి ఒక విలువుంది. 1961 నాటి ఆర్మీ పింఛను నిబంధనల్లో 155వ నిబంధన ఉంది. మామూలు సర్వీసు పింఛను రాని రిజర్విస్టు, కలర్ సర్వీసూ రిజర్వు సర్వీసూ కలిపి పదిహేనేళ్ళకి తక్కువ కాకుండా ఒప్పందకాలం పూర్తి చేస్తే అతనికి రిజర్విస్టు పింఛను ఇవ్వొచ్చు. సిపాయికి వచ్చే కనిష్ఠ పింఛనులో మూడింట రెండు వంతులు. పెద్ద సొమ్మేం కాదు. కానీ దాంతో మందులొస్తాయి. రేపు ఆయన పోతే పెద్దమ్మకి కుటుంబ పింఛను అడిగే దారి ఉంటుంది.

1978లో చేతిలో డిశ్చార్జి పుస్తకం పెట్టి పంపించారు. పింఛను ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు పేటలో లేరు. ఊళ్ళో ఉన్నవాళ్ళు చెప్పలేదు. నేను పీహెచ్‌డీ చేసి, లెక్చరర్‌నై, ఒక సెలవురోజు ఆ ట్రంకుపెట్టె తెరిచేదాకా ఆ పుస్తకం బైబిలు కింద నిద్రపోయింది. అదీ మా ఇంటి నేరమే అంటే ఒప్పుకుంటాను.

దరఖాస్తు పెట్టాం. జవాబొచ్చింది. మూడు అభ్యంతరాలు. ఒకటి, మా దగ్గరున్న పుస్తకంలో రిజర్వు ముగిసిన సంవత్సరం 1978, వాళ్ళ దగ్గరున్న పట్టీలో 1976. కాబట్టి సర్వీసు పదమూడేళ్ళే. రెండు, పుస్తకంలో పేరు చివర ‘డు’ ఉంది, ఆధార్‌లో ‘రావు’ ఉంది. మూడు, పుట్టిన తేదీల మధ్య రెండేళ్ళ తేడా. ‘ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోండి.’

గుమాస్తా చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. ‘ఏం చేస్తాం మాస్టారూ, రికార్డు అబద్ధం చెప్పదు కదా’ అన్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీదే.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. పాతకాలపు రాతలు అబద్ధం చెబుతాయనీ, లేఖకుడు పొరపడతాడనీ, ఒక ప్రతిలో ఉన్న అక్షరం ఇంకో ప్రతిలో ఉండదనీ మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. నన్నయది మా తణుకే అని మా ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ నన్నయ భారతానికి ఎన్ని తాళపత్ర ప్రతులు, ఎన్ని పాఠాంతరాలు! ఉస్మానియా విశ్వవిద్యాలయం పండితుల్ని కూర్చోబెట్టి, ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, సంశోధిత ముద్రణ తెచ్చింది. పాఠం తేడా ఉందని నన్నయని ఎవరైనా అనుమానించారా? ‘ఈ ప్రతిలోని నన్నయా ఆ ప్రతిలోని నన్నయా ఒకరేనని నోటరీ తీసుకురండి’ అన్నారా? లేదు. తేడా వస్తే అది లేఖకుడి పొరపాటు. సరిచేయడం పరిష్కర్త బాధ్యత. కవి గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు.

మా పెదనాన్న దగ్గరికొచ్చేసరికి సూత్రం తిరగబడింది. రాసింది గుమాస్తా. పొరపడింది గుమాస్తా. రాసిన కాగితం దాచుకున్నదీ ఆఫీసే. రుజువు మాత్రం సిపాయి తేవాలి. నన్నయకైతే పాఠాంతరం, మా పెదనాన్నకైతే నేరం.

ఆ ‘డు’ ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన ఇంట్లో ఎవరూ అలా పిలవలేదు. ఊళ్ళో పిలిచారు. మన తాతల పేర్లకి ఊరు తగిలించిన తోకలు మీకు తెలుసు. ‘గాడు’, ‘డు’, ‘ఇ’. ఊరు పిలిచినట్టు రిక్రూట్‌మెంటు గుమాస్తా రాసుకున్నాడు. ఊరి నోటి దురుసుతనం భారత సైన్యపు రికార్డులోకి ఎక్కి అధికారిక నామం అయింది. తర్వాత ఆయన పిల్లలు చదువుకుని, తండ్రి పేరు గౌరవంగా ఉండాలని ‘రావు’ పెట్టించారు. ఆత్మగౌరవం కోసం చేసిన ఆ ఒక్క పనిని ఆఫీసు ‘పేరు సరిపోలలేదు’ అంటోంది. అవమానంతో సరిపోలితేనే పింఛనా?

పేర్ల గొడవ ఇక్కడితో ఆగదు. మన పేటల్లో చాలా ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. ఎందుకలా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల. క్రైస్తవంలోకి వెళ్తే షెడ్యూల్డు కులం కాదంది. మన రాష్ట్రంలో అలా వెళ్ళినవాళ్ళని బీసీ-సీ చేశారు. గుడిసె మారలేదు, పని మారలేదు, ఊరు పిలిచే పిలుపు మారలేదు. కాగితం మీద కులం మాత్రం మారింది. అందుకని జనం రెండు పేర్లతో బతకడం నేర్చుకున్నారు. ఒక చట్టం మనిషికి రెండు పేర్లు పెట్టుకునే పరిస్థితి తెచ్చింది. ఇంకో ఆఫీసు రెండు పేర్లున్నాయి కాబట్టి నువ్వు నువ్వు కాదంటోంది. రెండూ ఒకే ప్రభుత్వానివి.

పుట్టిన తేదీ సంగతీ అంతే. 1940లలో గోదావరి జిల్లా పేటలో పుట్టిన పిల్లాడి తేదీని ఎవరు రాసిపెట్టారు? జాతకం రాసే అయ్యవారు మన గుమ్మం తొక్కలేదు. ‘కాటన్ దొర కాలవ కట్టేసిన ఏడు’, ‘గాలివాన వచ్చిన ఏడు’, ఇవీ మన కేలండర్లు. భర్తీ చేసుకున్నవాడు మనిషిని చూసి ఒక వయసు వేసుకున్నాడు. అరవై ఏళ్ళ తర్వాత ఆ అంచనా శిలాశాసనం అయింది.

ఇప్పుడు అన్నింటికన్నా కిరాతకమైన సంగతి చెబుతాను. పింఛను రాని సైనికుడి సర్వీసు కాగితాల్ని ఆర్మీ నిబంధనల ప్రకారం ఇరవై ఐదేళ్ళ తర్వాత నాశనం చేస్తారు. లాంగ్ రోల్ అనే పట్టీలో అతని గురించి ఒక వరస మిగుల్తుంది, అంతే. పింఛను వచ్చేవాడి కాగితాలకి ఆ గతి పట్టదు. అంటే ఏమిటి? మొదట పొరపాటున నీకు పింఛను లేదంటారు. పింఛను లేదు కాబట్టి నీ కాగితాలు కాలుస్తారు. కాగితాలు లేవు కాబట్టి పొరపాటని రుజువు చెయ్యలేవు. రుజువు లేదు కాబట్టి పింఛను లేదు. ఈ గుండ్రంలోకి దారి ఉంది, బయటికి లేదు. ఎవరో కూర్చుని కులం చూసి దీన్ని తయారుచేశారని నేననడం లేదు. కానీ ఇరవై ఐదేళ్ళలోపు అడగాలని తెలిసినవాడెవడు, తెలియనివాడెవడు? ఇంట్లో చదువున్నవాడికి తెలుస్తుంది. కులాన్ని చూడని నిబంధన కూడా కులం గీసిన గీత మీదే నడుస్తుంది.

‘సైన్యంలో కులమేంటండీ’ అనే మిత్రులకి కాస్త చరిత్ర. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడిన మహర్లని, అదే సైన్యం 1890ల మొదట్లో యుద్ధజాతి కాదని భర్తీ నుంచి తోసేసింది. అప్పటికే రిటైరైన గోపాల్ బాబా వలంగ్‌కర్ అనే సైనికుడు 1894లో అర్జీ రాశాడు. మేం సైనికులమే, మా సర్వీసు మర్చిపోకండి అని. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. మొదటి ప్రపంచయుద్ధానికి అవసరమై 1917లో మహర్ల దళం కట్టారు, అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. మళ్ళీ యుద్ధం వచ్చింది, 1941లో మహర్ రెజిమెంటు పుట్టింది. అవసరానికి పిలవడం, తీరాక పట్టీలోంచి కొట్టెయ్యడం. మా పెదనాన్న రెండేళ్ళు ఎక్కడికి పోయాయో ఇప్పుడర్థమైందా?

అందుకే నేను నా క్లాసులో ఒక మాటంటాను. మన పూర్వీకులు రాసిన మొదటి ప్రక్రియ పద్యం కాదు, కథ కాదు. దరఖాస్తు. దాన్ని సాహిత్య చరిత్రల్లో ఎవరూ చేర్చలేదు. చేర్చినా చేర్చకపోయినా, చదవాల్సింది అదే.

ఇక రెండు రకాల మనుషులకి జవాబు చెప్పాలి.

మొదటివాళ్ళు ఆగస్టు 15కి శాలువాలు కప్పేవాళ్ళు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. ఇంటింటా సైనికుడున్న ఊరని పేరు. ఆ ఊరికి దక్కిన గౌరవం న్యాయమైనదే, నాకు అసూయ లేదు. కానీ పేటల నుంచి ఒక్కొక్కడుగా వెళ్ళినవాళ్ళకి ఊరి పేరు మీద కీర్తి రాదు. మా పెదనాన్నకి మూడేళ్ళ క్రితం ఒక సంఘం వాళ్ళు శాలువా కప్పారు. మైకులో ‘మన వీరజవాను’ అన్నారు. సైనికుడని నమ్మి శాలువా కప్పినవాళ్ళు, సైనికుడని ఒక లేఖ రాసి సంతకం పెట్టమంటే తప్పుకున్నారు. శాలువాకి రుజువక్కర్లేదు, ఎందుకంటే దానికి ఖర్చులేదు.

రెండోవాళ్ళు మనవాళ్ళే. ‘అన్నా, సైన్యం రాజ్యం చేతిలో కర్ర. దాని పింఛను కోసం పోరాడటం ఏం రాజకీయం?’ అని ఒక విద్యార్థి అడిగాడు. తమ్ముడూ, నీ ప్రశ్న చిన్నదేం కాదు. కానీ ఆలోచించు. మీ నాన్న దొర పొలంలో కూలి చేశాడు. దొరతనం తప్పు కాబట్టి కూలి డబ్బులు అడగొద్దంటావా? పింఛను బహుమతి కాదు, చేసిన పనికి వెనక్కిపెట్టిన జీతం. డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. పింఛను దయాధర్మం కాదు, హక్కు అని. హక్కుని వదులుకోవడం విప్లవం అవదు. ఎగ్గొట్టేవాడికి సుఖం అవుతుంది, అంతే.

ఇప్పుడు పని. విద్యార్థులు రాసుకోండి.

పేటలో పాత సైనికులున్న ఇళ్ళకి వెళ్ళండి. ట్రంకుపెట్టె తెరిపించండి. డిశ్చార్జి పుస్తకం ప్రతి పేజీ ఫోటో తీయండి. అసలుకి లామినేషన్ చేయించొద్దు, సిరా పోతుంది. ఆ సైనికుడి రెజిమెంటుని బట్టి రికార్డ్ ఆఫీసు వేరు. మద్రాస్ రెజిమెంటైతే వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లైతే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్. సమాచార హక్కు కింద లాంగ్ రోల్ నకలు, ఉంటే షీట్ రోల్ నకలు, లేకపోతే ఏ తేదీన ఏ ఉత్తర్వుతో నాశనం చేశారో అడగండి. ‘లేదు’ అని కాగితం మీద రాయించుకోవడం కూడా రుజువే.

రిజర్వులోకి మార్చిన పేజీ ప్రాణం లాంటిది. నేవీలో ఏమైందో చూడండి. వాళ్ళ ఒప్పందం పదేళ్ళు కొలువు, పదేళ్ళు ఫ్లీట్ రిజర్వు. 1976లో ఆ రిజర్వులోకి తీసుకోవడం ఆపేశారు. టి.ఎస్. దాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, రిజర్వులోకి తీసుకోనివాళ్ళకి రిజర్విస్టు పింఛను రాదంది, ప్రత్యేక పింఛను మాత్రం ఇమ్మంది. కొలువంతా ఒకెత్తు, ఆ ఒక్క ఎంట్రీ ఒకెత్తు.

అర్జీ తిరస్కరిస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకి చెన్నై బెంచి. ఆలస్యం చెయ్యకండి. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఆలస్యంగా వెళ్తే హక్కు పోదు గానీ వెనకటి బకాయి మామూలుగా మూడేళ్ళకే వస్తుంది. మా ఇంట్లో ట్రంకుపెట్టె మూతపడి ఉన్న ప్రతి ఏడూ అలా కరిగిపోయిందే. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలోనే ఉంది. కోర్టు దగ్గరి న్యాయసేవల సంస్థలో అడగండి. బీసీ-సీ కాగితం ఉన్నవాళ్ళకి కులం మీద ఆ తలుపు తెరుచుకోదు, ఆదాయం చూపించాలి. ఆ రెండు పేర్ల శిక్ష అక్కడా వెంటాడుతుంది.

పోయిన ఆదివారం పెదనాన్నకి కొత్త దరఖాస్తు చదివి వినిపించాను. పేరు దగ్గర ఆపాడు. ‘ఆ డు అక్కడ అలాగే ఉంచరా’ అన్నాడు. ‘పక్కనే రావూ రాయి. రెండూ నేనే అని రాయి. తప్పు రాసింది నేను కాదు కదా, నేనెందుకు చెరపాలి?’

అదే రాశాను. ఆ మాటకన్నా మంచి పరిష్కరణ సూత్రం నాకు నా గురువులెవరూ చెప్పలేదు. కింద సంతకం ఆయనే పెట్టాడు. చెయ్యి వణికింది. 1963 నాటి సంతకంతో అదీ సరిపోలదు. రేపు ఆ అభ్యంతరం కూడా వస్తుంది. రానీండి, జవాబు రాసి పెట్టుకున్నాం.

మీ ఇళ్ళలో ట్రంకుపెట్టెలున్నాయి. తెరవండి.

జై భీమ్.