చెల్లని నోట్లు

1942లో మలయా, బర్మాలను ఆక్రమించిన జపానువారు తుపాకులతోపాటు ముందే అచ్చువేసియుంచిన నోట్ల కట్టలనుగూడ దింపిరి. మలయాకు డాలర్లు, బర్మాకు రూపాయలు. మలయా పది డాలర్ల నోటుపై అరటిచెట్టుండుటచే జనులు వానికి అరటి నోట్లని పేరిడిరి. కొలదినాళ్లకు మలయా నోట్లపై వరుససంఖ్య వేయుటయు మానిరి. ఎంత అచ్చువేసిరో లెక్కయే లేనప్పుడు సంఖ్య యెందులకు? ధరలు మిన్నంటెను. 1945లో ఆంగ్లేయులు తిరిగివచ్చి యవి చెల్లవనిరి.

మలయా తోటలలోని తమిళులు, తెలుగువారు ఆనాడు కూలిగా పుచ్చుకొన్నది ఈ కాగితమునే. వారిలో పెక్కండ్రు 1943లో సయాం-బర్మా రైలుదారి పనికి తరలింపబడి మరల రాలేదు.

నేటి సేకర్తలు నలగని నోటుకే వెల హెచ్చుగా కట్టుచున్నారు. ఈ రుచి మాకు సమ్మతము కాదు. నలగని నోటు ఏ కూలివాని చేతను పడలేదు, ఏ అంగడిలోను బియ్యము తేలేదు. మడతలుపడి చెమటకు మాసినదియే ఆనాటి కష్టమునకు సాక్ష్యము. రంగూను, మలయాలనుండి మరలివచ్చినవారి యిండ్లలో పాతపెట్టెల యడుగున ఇట్టివి నేటికిని ఉండవచ్చును. వానిని తెగనమ్ముటకు ముందు అది యెవరి కూలియో, ఏ తోటలోనిదో పెద్దలనడిగి తెలిసికొని, ఒక చీటిపై వ్రాసి జతపరచి, ఊరి గ్రంథాలయమున కొసగుడని కోరుచున్నాము. నోటుపై మాత్రము కలము పెట్టరాదు.