రెక్కకి డబ్బుంది, బ్రేకుకి లేదు

వెనక డిక్కీ మీద అల్యూమినియం రెక్క బిగించుకుని, ముందు చక్రాలకి మాత్రం 30 ఏళ్లనాటి రబ్బరు బ్రేకు గొట్టాలనే వదిలేసినవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఈ వారం అలాంటి బండి మళ్లీ ఒకటి కంటబడింది. 1993 నిస్సాన్ 240ఎస్ఎక్స్. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మన తెలుగు కుర్రాడు మిషిగన్ నుంచి ట్రక్కు మీద తెప్పించుకున్నాడు. "అంకుల్, ఒకసారి చూసి చెప్పండి, ఇంజన్ మార్చేద్దామనుకుంటున్నా" అన్నాడు. చూశాను. మెరిసే అల్లాయ్ చక్రాలు, బండిని నేలకి దించే కాయిలోవర్లు, రేసు సీటు, రెక్క. బ్రేకు గొట్టాన్ని రెండు వేళ్లతో వంచితే పైపొర నెర్రెలు విచ్చుకుంది. ఆ మెరిసే చక్రాలకి తొడిగినవి ఎవరో వాడి తీసేసిన టైర్లు. పక్కన అచ్చయిన అంకెలు 2311. అంటే 2011లో 23వ వారంలో తయారైన సరుకు. ఆ టైర్ల మీద, ఆ గొట్టాలతో, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని డాలస్ నార్త్ టోల్‌వే ఎక్కుతున్నాడు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. చదువుకున్నవాడు, తెలియనిది అడిగే బుద్ధి ఉన్నవాడు. పాత కారు కొన్న మర్నాడే ఏం కొనాలో చెప్పే వీడియోలన్నీ కంటికి కనబడే వస్తువులతోనే మొదలుపెడతాయి. బ్రేకు గొట్టం మార్చే వీడియోని ఎవరు చూస్తారు? అందుకే ఎవరూ తియ్యరు.

అసలు ఈ బండి ఏమిటో గుర్తుచేసుకుందాం. 1988లో నిస్సాన్ జపాన్‌లో కొత్త సిల్వియాని తెచ్చింది. ఆ ఏడాది అక్కడి కార్ ఆఫ్ ద ఇయర్ బహుమతి దానిదే. దాన్నే 2.4 లీటర్ల పెద్ద ఇంజన్ పెట్టి 1989 మోడల్ నుంచి అమెరికాలో 240ఎస్ఎక్స్ పేరుతో అమ్మారు. 1995లో రూపం మార్చుకుని 1998 దాకా నడిచింది. కొత్తదాని ధర మొదట్లో 13 వేల డాలర్ల చిల్లర. బరువు 1,225 కిలోలకి అటూ ఇటూ. ఇంజన్ ముందు, తోపు వెనక చక్రాలకి, వెనక మల్టీలింక్ సస్పెన్షన్. డబ్బున్నవాళ్ల కోసం చేసిన బండి కాదిది. నెల జీతం మీద బతికేవాడు, కాలేజీ పిల్లవాడు కొనుక్కుని, స్టీరింగ్ చేతికి ఏం చెబుతోందో నేర్చుకోగలిగిన బండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు రెండు మూడు వేల డాలర్లకి దొరికేది.

తర్వాత డ్రిఫ్టింగ్, అంటే వెనక చక్రాల్ని జార్చుతూ మలుపులు తిప్పే ఆట, వచ్చిపడింది. 2003లో జపాన్ డీ1 పోటీలు కాలిఫోర్నియాలోని ఇర్విండేల్‌కి వచ్చాయి. 2004లో ఫార్ములా డ్రిఫ్ట్ మొదటి సీజన్. వెనక చక్రాల తోపు ఉన్న తేలికపాటి చవక బండి ఎక్కడుందా అని వెతికినవాళ్లందరికీ ఇదే దొరికింది. వందలకి వందలు గోడలకి గుద్దారు, కోశారు, పారేశారు. మిగిలినవాటికి ఇప్పుడు పలుకుతున్న ధరని అమెరికా కుర్రాళ్లు డ్రిఫ్ట్ ట్యాక్స్ అంటారు. చావగా మిగిలిన బళ్లు కాబట్టే నా బాధ. వీటిని ఇక ఎవరూ తయారుచెయ్యరు. ఇవాళ ఒకడు తెలియక పాడుచేసిన బండి రేపు మరొకడికి దొరకదు.

మిషిగన్ బండి అనగానే నా చెయ్యి జేబులో అయస్కాంతం మీదికి పోతుంది. చలికాలమంతా అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగిన ఉప్పునీళ్లు తలుపుల కింద బారుగా ఉండే డబ్బా రేకులోకి చేరతాయి. నీళ్లు కారిపోవడానికి అడుగున సన్నటి బెజ్జాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే ఉప్పునీళ్లు లోపలే నిలిచి, రేకుని లోపలి నుంచి బయటికి తినేస్తాయి. రంగు మీద బుడగ కనిపించే వేళకి లోపల ఏమీ మిగలదు. సన్‌రూఫ్ ఉన్న బండైతే పైనుంచి వచ్చే నీటి గొట్టం ఊడి, అదీ తనవంతు పని చేస్తుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింద అంచు వెంబడి మెల్లగా జరిపాను. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి పట్టు వదిలేసి జారిపోయింది. అక్కడ రేకు లేదు. ఉన్నదంతా లప్పం, దాని మీద నీలంరంగు. స్క్రూడ్రైవర్ మొనతో కింది నుంచి కొంచెం నొక్కితే రొట్టె పొరల్లా తుప్పు రాలింది. అమ్మినవాడు ఆ లప్పం కనపడకుండా రంగు కొట్టించడానికి పెట్టిన డబ్బుతో సగం పని నిజంగానే అయ్యేది.

దానికి మందు ఒకటే. మంచి రేకు తగిలేదాకా కొయ్యాలి, కొత్త ముక్క వంచి వెల్డింగ్ చెయ్యాలి, అతుకుల మీద సీలర్ పట్టించాలి, లోపల మైనం కొట్టాలి. జాకీ పెట్టిన చోటల్లా నలిగిపోయిన కింది పట్టీలని తిన్నగా చెయ్యాలి. ముందు షాకబ్జార్బర్ల పైకొస కూర్చునే చోట్లు చూడాలి. అక్కడ తుప్పు ఎక్కితే బండి వెన్నుకే తెగులు. ఇదంతా అయ్యాకే రంగు. వాట్సప్‌లో ఫొటో పెట్టుకోవడానికి పనికొచ్చే భాగం ఇందులో ఒక్కటీ లేదు.

తర్వాత బ్రేకులు. స్టీలు అల్లిక తొడిగిన కొత్త గొట్టాల సెట్టు నూటయాభై డాలర్లు దాటదు. బ్రేకు ద్రవం సంగతి ఇంకా ఘోరం. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. గాల్లో తేమని పీల్చుకున్నకొద్దీ ఆ అంకె పడిపోతుంది, తేమ పట్టిన ద్రవానికి 140 డిగ్రీలే ప్రమాణం. కొండదారిలో వరసగా బ్రేకు తొక్కితే ఆ వేడి ఇట్టే వస్తుంది. ద్రవం మరిగి బుడగలు పుడితే పెడల్ నేలకి ఆనుతుంది, బండి ఆగదు. సీసా ద్రవం పది పదిహేను డాలర్లు, తోడుగా ఒక మనిషి, ఒక ఆదివారం మధ్యాహ్నం. దీనికి ఎవరికీ తీరిక లేదు. తీరిక లేనివాళ్లే ఎగ్జాస్టు చప్పుడు సరిచేసుకోవడానికి వారాంతాలు వారాంతాలు పెడతారు.

మార్పులు అస్సలు చెయ్యొద్దని నేను అనను. ఈ బండికి నేను మనసారా మెచ్చే మార్పు ఒకటుంది. అదే కంపెనీ 300జెడ్ఎక్స్ నుంచి నాలుగు పిస్టన్ల ముందు క్యాలిపర్లు తెచ్చి, నాలుగు బోల్టుల హబ్బు తీసి ఐదు బోల్టులది వేసి, పెద్ద మాస్టర్ సిలిండర్ బిగించడం. అది బండిని ఎరిగినవాళ్ల మార్పు. దానికి పూర్తిగా ఎదురు, వెనక డిఫరెన్షియల్ లోపలి పళ్లని వెల్డింగ్ చేసి పారెయ్యడం. మలుపులో లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటిది ఎక్కువ తిరగాలి. అందుకే కదా డిఫరెన్షియల్ ఉన్నది! రెండింటినీ కలిపి అతికేస్తే పార్కింగు స్థలంలో తిరిగినప్పుడల్లా టైరు గీరుకుంటూ కీచుమంటుంది, తడి రోడ్డు మీద తోక జాడిస్తుంది. ట్రాకు మీద చేసుకుంటే చేసుకోండి. స్కూలు బస్సులు తిరిగే వీధిలో దాన్ని నడపడం అపరాధం.

ఇక ఇంజన్. ఇక్కడ నన్ను ఆపకండి. కేఏ24డీఈ ఇంజన్‌ని ట్రక్కు ఇంజన్ అని తీసిపారెయ్యడం ఈ కుర్రాళ్లకి మతంలా తయారైంది. దాని అన్న కేఏ24ఈని నిస్సాన్ పికప్‌లో పెట్టిన మాట నిజమే. అది తక్కువతనం ఎలా అయింది? రోజూ బరువులు మొయ్యడానికి నమ్మి పెట్టారంటే గట్టిదనేగా అర్థం! 2,389 సీసీలు, పోత ఇనుము బ్లాకు, 155 హార్స్‌పవర్. 4,400 ఆర్‌పీఎమ్ దగ్గరే 160 పౌండ్-ఫుట్ టార్కు. రోజూ ఆఫీసుకి పోయి వచ్చేవాడికి కావలసిన బలం అక్కడే ఉంది, సూది ఎర్రగీత దాకా పోనక్కర్లేదు. దీన్ని తీసేసి జపాన్ బండిలోని రెండు లీటర్ల టర్బో, ఎస్ఆర్20డీఈటీ, పెడతామంటారు. అది గొప్ప ఇంజనే, 205 హార్స్‌పవర్, కాదనను. కానీ ఇవాళ ఇక్కడికి వచ్చేది ఏ బండిలోంచి పీకిందో, ఎన్నిసార్లు వేడెక్కి చచ్చిందో ఎవడికీ తెలియని సరుకు. వేల డాలర్లు పోసి, వైరింగు అంతా కోసి అతికి, చివరికి మిగిలేది పాత ఇంజన్ స్థానంలో మరో పాత ఇంజన్.

ఉన్నదాన్నే అడిగి చూడండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే ముందువైపు గొలుసు గలగలమంటే టైమింగ్ చైన్ గైడు అరిగినట్టు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి, నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ ఇంజన్‌కి ఇంకా ఆయుష్షుంది. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోసులు, వాల్వు కవరు ప్యాకింగు. ఇవి మార్చి, టైముకి ఆయిలు పోస్తే ఈ ఇంజన్ మిమ్మల్ని రోడ్డు మీద వదిలెయ్యదు. నా లెక్కలో చెత్త ఇంజన్లు తక్కువ, దిక్కులేనివి ఎక్కువ.

ఇలాంటి బండి రోడ్డెక్కకుండా చూడాల్సింది ప్రభుత్వం కాదా అంటారా? టెక్సస్ రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏడాదికోసారి జరిగే భద్రతా తనిఖీని ఎత్తేసింది. రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టే ఏడున్నర డాలర్ల రుసుము మాత్రం ఉంచింది. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి పట్టణ కౌంటీలలో పొగ పరీక్ష మిగిలింది, అదీ 24 ఏళ్లు దాటిన బళ్లకి అక్కర్లేదు. అంటే 1993 బండిని ఈ రాష్ట్రంలో చట్టం పేరుతో ఏ మనిషీ, ఏ రోజూ, ఏ విషయంలోనూ వంగి చూడడు. న్యూజెర్సీ భద్రతా తనిఖీని 2010లోనే ఎత్తేసింది. ఈ బళ్లు పుట్టిన జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకి తనిఖీ తప్పదు. ఖర్చు ఎక్కువే, జనం విసుక్కుంటారు కూడా. అయినా అక్కడ బ్రేకు గొట్టం నెర్రెలిచ్చేదాకా ఎవరూ చూడకుండా ఉండరు.

మన దేశంలో కథ తలకిందులు. అక్కడ రుసుము వేసేటప్పుడు బండి ఒంటిని చూడరు, వయసు చూస్తారు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుముని 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలు చేశారు, 2025లో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. కన్నబిడ్డలా చూసుకున్న పాత మారుతీ జెన్‌కీ, షెడ్డులో కుళ్లిన జెన్‌కీ అదే చలానా. మార్పుల సంగతికొస్తే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ చేసిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదంది. కోర్టు చెప్పింది సబబే కావచ్చు. కానీ కింద అమలు చేసేవాళ్లకి చెవులు పగిలే సైలెన్సరూ, మెరుగైన బ్రేకూ ఒకే పద్దు కిందికి వస్తాయి. పైగా పాత విదేశీ కారు తెచ్చుకోవాలంటే భారీ సుంకం, అదీ మూడేళ్లలోపుదై ఉండాలి. కాబట్టి ఇలాంటి చవక కూపే మీద చెయ్యి తిప్పుకునే అవకాశమే మన పిల్లలకి అక్కడ లేదు. ఇక్కడికి వచ్చాక తొలిసారి పానా పట్టుకుంటారు, పట్టుకోగానే ఇంజన్ మారుద్దామంటారు.

దీనికి అసలు దోషులు మన ఇంజనీరింగ్ కాలేజీలు. ఈ కుర్రాడు చదివింది మెకానికల్. ఫస్టియర్ వర్క్‌షాపులో వీ-ఫిట్ చెయ్యమని ఇనప ముక్క ఇస్తే ఏం జరుగుతుందో ఆ చదువు చదివినవాళ్లందరికీ తెలుసు. ల్యాబులో పనిచేసే మనిషి చేత ఆకురాయి పెట్టించుకుని, నంబరు కొట్టించుకుని, మార్కులు వేయించుకుంటారు. నాలుగేళ్లకి పట్టా వస్తుంది, చేతికి మసి అంటదు. అదే విజయవాడ ఆటోనగర్‌లో పదో తరగతి తప్పిన కుర్రాడు గుద్దుకుని నలిగిన లారీ క్యాబిన్‌ని టింకరింగ్ చేసి, రేకు ఎక్కడ సాగిందో అరచెయ్యి ఆనించి చెబుతాడు. వాణ్ణి ఇంజనీరనరు. కనీసం ఆ కాలేజీ గేటు లోపలికి పిలిచి, పిల్లల ముందు నిలబెట్టి, చూపించు నాయనా అని అడిగినవాళ్లు లేరు.

నేను కోరేది చిన్న మార్పు. ప్రతి మెకానికల్ బ్రాంచిలో ఫస్టియర్ వాళ్లకి ఒక పాత మారుతీ 800 ఇవ్వండి, ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రీని జీతమిచ్చి తెచ్చి పక్కన నిలబెట్టండి. ఏడాది చివర పరీక్షలో పిల్లలు దాని బ్రేకులు పూర్తిగా విప్పి, కడిగి, గొట్టాలు మార్చి, తిరిగి బిగించాలి. మార్కులు వేసే ముందు పరీక్షాధికారి ఆ బండిలో ఎక్కి కూర్చుని, వాళ్ల చేతే క్యాంపస్ చుట్టూ నడిపించుకోవాలి.